గంట కొట్టినంక జూల ఎవలది?

ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ పెద్ద పెద్ద ఆటల పార్కులు వచ్చినయి. అండ్ల నౌకరికి కుదిరిన పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చిన్రు. "అవ్వా, పార్కు మూసినంక ఎక్కువ టికెట్టు తీస్కొని కొందరిని లోపలికి తోలుతున్నరు. మమ్మల్ని ఆ డ్యూటీకి వేసిన్రు. జనం మమ్మల్ని తిడుతున్నరు. ఎట్ల చెయ్యాలె?" అని అడిగిన్రు. వాళ్లకది కొత్త ముచ్చట. నాకు కాదు. నా నౌకరి మొదలైందే ఆ టికెట్టుతోని.

నిజామాబాద్, బోధన్ మైదానాలల్ల జూల మీదికి మనుషులను ఎక్కించుకుంట, దింపుకుంట నా వయసంత గడిచింది. మొదట్ల జూల ఒక్కటే చూసేదాన్ని, తర్వాత మైదానం మొత్తం నా చేతికి వచ్చింది. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవలు పెంచిన్రు అన్న ముచ్చట్లు మీకెందుకు? పని అంటే అసలు ఏందో చెప్త.

కనాతు లోపటి నౌకరి

మా బాపు నిజామాబాద్‌ల వడ్లపని చేసేటోడు. తలుపులు, నాగండ్లు, బండి చక్రాలు ఏవైనా చేస్తుండె. ఊరూరు తిరిగే ఆటల కంపెనీ ఒకటి ఏడాదికొకసారి మా దిక్కు వచ్చేది. గుర్రాల రాట్నం, బొమ్మల డేరా, అన్నింటికంటె ఎత్తుల పెద్ద జూల. మీరు జెయింట్ వీల్ అంటరు, మేం జూల అనేది. ఇనుప చట్రం, దానికి యాలాడే కట్టె డబ్బాలు, కింద డీజిల్ ఇంజన్, నడుమ తోలు పట్టా. డబ్బాల పలకలు చెడిపోతే బాపును పిలిచేటోళ్లు. నేను ఏడో తరగతి దాంక చదివి ఇంట్ల ఉంటి. బాపుకు సద్ది తీస్కపోయినప్పుడు కూసోబుద్ధి గాక డబ్బాల గొళ్లాలు బిగించేదాన్ని.

చెరుకు ఆడే కాలంల కంపెనీ మకాం బోధన్‌ల. చెక్కర ఫ్యాక్టరీ నడిచినన్ని దినాలు అందరి చేతుల పైసలు ఆడుతయి కాబట్టి మైదానం కిటకిటలాడేది. అప్పటికి ఆ మైదానానికి కరెంటు తీగ రాలేదు. పొద్దు గూకితే గంట కొట్టి గేటు మూసేటోళ్లు. ఒక ఏడు మాలక్ జనరేటర్ తెచ్చి జూల నిండ కరెంటు బుగ్గలు కట్టిండు. మాలక్ అంటే నాందేడ్ దిక్కు సేఠ్, మాటల్ల సగం మరాఠీ. గేటు మూసినంక ఇంకొంచెం సేపు స్పెషల్ టికెట్టు పెట్టిండు. పగటి టికెట్టుకు ఎన్నో రెట్లు ధర. లైను ఉండదు, దొబ్బులాట ఉండదు. షావుకార్లు, ఆఫీసర్లు వచ్చుడు మొదలువెట్టిన్రు.

అప్పుడు ఖైరున్నిసా బేగం దగ్గెర్నుంచి కబురు వచ్చింది. బోధన్‌ల బట్టల దుకాణం వాళ్ల ఇంటి పెద్దామె. "మా ఇండ్ల ఆడోళ్లు పగటాల ఆ మందిలకు రారు. గేటు మూసినంక మాకు వారంల ఒకనాడు ఇయ్యుండ్రి. మగ మనిషి కనవడద్దు. టికెట్టు ఎంతన్న వెట్టుకోండ్రి" అని.

సేఠ్ సరే అన్నడు. మైదానం చుట్టూ కనాతులు, అంటే నిలువెత్తు గుడ్డ తెరలు, కట్టించిండు, డబ్బాలకు పలుచటి పర్దాలు వేయించిండు. అన్నీ అయినంక తట్టింది, జూల ఎక్కించేటోళ్లందరు మగోళ్లే. బాపు దగ్గెరికి వచ్చిండు.

"మిస్త్రీ, మీ బిడ్డ రాజమణికి గొళ్లెం పెట్టుడు వస్తది గదా. పర్దా యాళకు పంపరాదు?"

మా అవ్వ ఒప్పుకోలేదు. "జూల కాడ ఆడివిల్ల నౌకరి ఏంది? నలుగురు ఏమంటరు?"

"అంత ఆడోళ్ల నడుమనే గదనే" అన్నడు బాపు. "ఆ నలుగురు లోపటికి వచ్చి చూసేది గూడ లేదు."

గట్ల కుదిరిన నౌకరి నాది.

ఇంజన్ నడిపేది యూసుఫ్ భాయ్. పర్దా యాళల ఆయనను గూడ ఇంజన్‌తోని కలిపి తెర వెనుక కూసోవెట్టినం. ఆయనకు జూల కనవడది, నాకు ఆయన కనవడడు. నా చేతిల చిన్న గంట. ఒకసారి మోగితే ఆపాలె, రెండుసార్లు మోగితే నడపాలె. అంత పెద్ద జూల, అన్ని పానాలు, చూడని మనిషి చేతిల తిరుగుతున్నయి, నా గంట చప్పుడు మీద. మొదటినాడు గంటను రెండు చేతులతోని పట్టుకొని కొట్టిన. అందరు దిగినంక యూసుఫ్ భాయ్ తెర వెనుకనుంచి, "బహెన్, నీ గంట మంచిగ వినవడ్డది. వచ్చే వారం గూడ గట్లనే కొట్టు" అన్నడు. గంతే. నాకు అది చాలు.

ఆ సాయంత్రం వచ్చిన ఆడోళ్లను నేను మరువలేను. బురఖాలు తీసి కనాతు తాళ్ల మీద ఏసిన్రు. జూల మీదికి పోయినంక ఒక్కొక్కళ్లు అరిచిన అరుపులు! ఇంట్ల ఎన్నడూ అంత గట్టిగ అరిచి ఉండరు. టికెట్టు ఎక్కువనా అంటే ఎక్కువే. కాని ఆ టికెట్టు లేకుంటే వాళ్లకు జూలనే లేదు. గేటు మూసినంక లోపలికి వచ్చేటోళ్లందరు మదం పట్టి వస్తరని అనుకోవద్దు. కొందరికి అదొక్కటే దర్వాజ.

ఖాళీ జూల

కొత్తోళ్లు ఒకటి తెలుసుకోవాలె. జూల నిండ జనం ఉన్నప్పటికంటె, కొంచెం జనం ఉన్నప్పుడే ఎక్కువ భయం. నిండుగ ఉంటే బరువు అంతట సమానం. స్పెషల్ యాళల జనం పలుచగ ఉంటది, అందరు ఒక్క కాడ కూసుంటమంటరు. ఒక దిక్కు బరువై రెండో దిక్కు ఖాళీ ఉంటే జూల ఇంజన్ మాట వినది. అందుకే ఎదురెదురు డబ్బాలు నింపుకుంట పోవాలె. మనుషులు చాలకపోతే ఇసుక బస్తాలు వెయ్యాలె.

ఒకసారి మంజీర దిక్కు పటేల్ ఒకాయన, పెద్ద చెరుకు ఆసామి, కొడుకుకు పిల్ల కుదిరి పూలుపండ్లు అయినయని స్పెషల్ యాళ మొత్తం తీస్కున్నడు. అప్పటికి మామూలు స్పెషల్ గూడ నేనే చూస్తుంటి. చుట్టాలందరు పక్కపక్క డబ్బాలల్ల కూసున్నరు. నేను సగం మందిని లేపి అవతలి దిక్కు కూసోమన్న.

పటేల్ కండ్లు ఎర్రజేసిండు. "పైసలిచ్చింది నేను. ఏడ కూసోవాల్నో నువ్వు చెప్తవా?"

"కూసునేది మీరే పటేలా. తిప్పేది మాత్రం నా జిమ్మ."

సేఠ్ ఉరికొచ్చిండు. "రాజమణి బాయి, ఒక్కసారికి పోనీ. పెద్ద మనిషి" అని చెవుల చెప్పిండు.

నేను వాదులాడలేదు. అందరిని దించి, వాళ్లు కూసున్న డబ్బాలల్లనే ఇసుక బస్తాలు వేయించిన. బస్తాల దిక్కును పైకి తిప్పిచ్చి, యూసుఫ్ భాయ్‌ని బ్రేకు వదులుమన్న. జూల దానంతటదే కిందికి ఉరికింది. ఆ ఊపుల అవతలి దాంక పోయి మల్ల ఎనుకకు వచ్చింది. పట్టా ఊడి చటుక్కున నేలను కొట్టింది. పటేల్ ఇంటి ఆడోళ్లు పిల్లలను దగ్గెరికి గుంజుకున్నరు. పటేల్ చానాసేపు ఆ పట్టా దిక్కు చూసి, "యాడ కూసోమంటవో చెప్పవ్వా" అన్నడు.

ఎక్కువ టికెట్టు కొన్నోడు యాళ కొంటడు. నీ అకల్, నీ తెలివి గూడ కొన్న అనుకుంటడు. అది అమ్ముకానికి లేదని మొదటినాడే తెలిసేటట్టు చెయ్యండ్రి. మర్యాదగానే, కాని తెలిసేటట్టు.

ఇద్దరు సేఠ్‌లు

పెద్ద సేఠ్‌కు పైసల మీద ఆశ ఉండె, అబద్ధమెందుకు? కాని మనిషి మైదానంల తిరిగేటోడు. మాతోని కూసోని జొన్నరొట్టె తినేటోడు. లైన్ల నిలబడ్డోళ్లతోని మాట్లాడేటోడు. చెరుకు ఎట్లున్నది, ఫ్యాక్టరీ కాడ బండి వంతు ఎప్పుడున్నది అని అడిగేటోడు. పొద్దు పూర్తిగ గూకినంకనే గంట అనే కట్టుబాటు ఆయనదే. పగటి టికెట్టోళ్లు ఉంటేనే స్పెషల్‌కు విలువ అని ఆయనకు ఎరుక.

మోకాళ్ల నొప్పులతోని ఆయన నాందేడ్‌ల ఉండిపోయి కొడుకును పంపిండు. మేం ఛోటే సేఠ్ అనేది. చెడ్డోడు గాదు, చదువుకున్నడు, జీతాలు దినం తప్పకుండ ఇచ్చిండు. కాని డేరాల నుంచి బయటికి రాడు. స్పెషల్ యాళల వచ్చే పైసలు ఎక్కువ, పగటాల వచ్చేవి తక్కువ అని చూసిండు. అట్లయితే స్పెషల్ యాళను పెంచితే అయిపోతది గదా అనుకున్నడు. గంట కొంచెం కొంచెం ముందటికి జరిపిండు. పొద్దు గూకినంక కొట్టే గంట, పొద్దు ఇంక కనవడుతుండంగనే మోగుడు మొదలైంది.

నేను పోయి చెప్పిన. "సేఠ్, లైన్ల ఉన్నోళ్లు వంతు రాకముందే ఎళ్లిపోవలసి వస్తున్నది."

"రేపు వస్తరు."

"రేపు రారు. చెరుకు బండ్లోళ్లు వాళ్లు. ఫ్యాక్టరీ కాడ బండి వంతు వచ్చేదాంకనే ఈడ ఉంటరు. బండి ఖాళీ అయిందంటే ఊరికి పోతరు."

"అట్లయితే స్పెషల్ కొనుక్కోమను" అన్నడు. నవ్వుకుంట అనలేదు, నిజంగనే అన్నడు. లైన్ల ఎన్నడు నిలబడని మనిషి లైను గురించి హుకుం ఇస్తే గిట్లనే ఉంటది.

గంగవ్వ కూసున్న సాయంత్రం

ఆనాడు పర్దా యాళ. లైను ఇంక పొడుగ్గనే ఉన్నది, పొద్దు చెట్ల మీదనే ఉన్నది. ఛోటే సేఠ్ వచ్చి తనే గంట కొట్టిండు. కావలోళ్లు జనాన్ని గేటు దిక్కు తోలుతున్నరు. స్పెషల్‌కు పెట్టిన రెండో గేటు కాడ పర్దాలు కట్టిన టాంగాలు వచ్చి ఆగినయి.

లైన్ల ముందట ఒకామె నిలవడ్డది. పేరు గంగవ్వ, ఎడపల్లి దిక్కు పల్లె. మొగడు సాయిలుతోని చెరుకు బండి మీద వచ్చింది. పక్క బండోళ్లకు ఎడ్లను అప్పజెప్పి ఇద్దరు జూల కాడికి వచ్చిన్రు. ఇంకొక్క తిప్పుడు అయితే వాళ్ల వంతే.

"నా టికెట్టు గిదో" అన్నది గంగవ్వ. "పొద్దు గదో. గంట ఎందుకు కొట్టిన్రు?"

"టైం అయిపోయింది. రేపు రా" అన్నడు ఛోటే సేఠ్.

"రేపు బండి ఖాళీ అయితది. ఎడ్లను తోలుకొని ఇంటికి పోవాలె. రేపు నేనేడుంట?"

"అయితే స్పెషల్ టికెట్టు కొను."

గంగవ్వ రెండో గేటు కాడి టాంగాల దిక్కు చూసింది, జూల దిక్కు చూసింది. "అంటే జూల ఆగలేదు. మేమే ఆగాలె. గంట కొట్టినంక జూల ఎవలది?"

ఆమె జూల మెట్ల మీద కాళ్లు సాపుకొని కూసున్నది. ఎనుక సాయిలు కూసున్నడు. ఆయన ఎనుక లైను లైనంత కూసున్నది. ఒర్రుడు లేదు, తిట్టుడు లేదు.

ఛోటే సేఠ్ మొఖం మాడింది. "పోలీసోళ్లను పిలుస్త."

"కూసున్నోళ్లను చూసి వాళ్లు గూడ ఏంజేస్తరు సేఠ్?" అన్న నేను.

"అయితే నువ్వే చూసుకో. టాంగాలు ఎనుకకు మర్రిపోయినయంటే మాత్రం రేపటి నుంచి నువ్వు గూడ రావద్దు."

అప్పటికి బాపు చేతులు వణికి బాడిశ పట్టలేకపోతుండె. ఇల్లు నా నౌకరి మీదనే ఉండె. అది గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తు పెట్టుకొనే టాంగా దగ్గెరికి నడిచిన. రెండు దిక్కులా న్యాయం ఉన్నది. మెట్ల మీదోళ్లు పొద్దంత నిలవడ్డరు. టాంగాలల్ల ఉన్నోళ్లకు ఇంకొక యాళ లేదు, మగోళ్లు ఉంటే వాళ్లు దిగరు.

పర్దా ఇవతల నిలవడి బేగంకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నేనామెను ఖాలా అనేదాన్ని. గంట ముందుగాల కొట్టిన ముచ్చట గూడ దాచలేదు.

ఖాలా లోపటినుంచే అడిగింది, "ఆ లైన్ల ఆడోళ్లు ఉన్నరా బేటీ?"

"సగం మంది ఆడోళ్లే ఖాలా."

"మగోళ్లను పంపియ్యి. ఆడోళ్లను ఉండనియ్యి. మాతోనే ఎక్కుతరు."

"యాళ మీరు కొన్నది గదా."

"యాళ కొన్న. జూల కొనలేదు" అన్నది ఖాలా. "ఖాళీ డబ్బాలల్ల నువ్వు ఇసుక బస్తాలు ఏస్తవు. బస్తాల జాగల మనుషులు కూసుంటే నీకేమన్న నష్టమా?"

నవ్వు వచ్చింది నాకు.

మెట్ల కాడికి వచ్చి మగోళ్లతోని మాట్లాడిన. "ఆడోళ్లు ఇప్పుడు ఎక్కుతరు. మీరు రేపు పొద్దుగాల, గేటు తెరువకముందే రాండ్రి. గీ టికెట్టే నడుస్తది. మీరు అయిపోయినంకనే కొత్త టికెట్లు."

సాయిలు లేవలేదు. "పొద్దుగాల మా బండి వంతు వస్తే?"

"బండి వంతు కంటె ముందు నీ వంతు వస్తది."

"మాట తప్పితే?"

"తప్పితే మల్ల ఈడనే కూసోండ్రి. నేను గూడ మీతోని కూసుంట."

గంగవ్వ మొగని దిక్కు తిరిగి, "లేవు. ఆమె మాట మీద నిలవడేటట్టే ఉన్నది" అన్నది. సాయిలు లేసి దుమ్ము దులుపుకున్నడు. ఎనుక ఒక్కొక్కడు లేసిండు.

కనాతు మూసినం. బురఖాలు తాళ్ల మీదికి పోయినయి, పక్కనే గడ్డి అంటుకున్న గొంగళ్లు. ఎదురెదురు డబ్బాలు చూసి ఎక్కిచ్చుకుంట పోతే గంగవ్వ పోయి ఖాలా పక్కన పడ్డది. మొదట ఇద్దరు చెరొక అంచుకు జరిగి కూసున్నరు. రెండో తిప్పుడుకు గంగవ్వ ఖాలా చెయ్యి పట్టుకున్నది. జూల కిందికి వచ్చినప్పుడు ఎవలు ఎవల చెయ్యి పట్టుకున్నరో చెప్పరాకుంట ఉండె.

దిగినంక ఖాలా అడిగింది, "పర్దా సందులకెల్లి అంతసేపు ఏం చూసినవ్?"

"మా బండి చూసిన" అన్నది గంగవ్వ. "కిందికెల్లి చూస్తే ముందట గిన్నే బండ్లున్నయి అనుకున్న. పైకి పోయినంక ఎరుకైంది ఎన్ని ఉన్నయో. పోకపోయినా బాగుండు."

ఖాలా కడుపు పట్టుకొని నవ్వింది. ఆనాడు నేను ఒక్క ఇసుక బస్తా గూడ ఎత్తలేదు.

తెల్లారి

ఛోటే సేఠ్ పొద్దుగాల డేరాకు రమ్మని కబురంపిండు. నేను డేరాకు పోలేదు, జూల కాడికి పోయిన. మాట ఇచ్చింది ఆడ. నేను పోయేటప్పటికే యూసుఫ్ భాయ్ ఇంజన్ తుడుస్తున్నడు.

"ఛోటే సేఠ్ ఒద్దంటే ఏం జేస్తవ్ భాయ్?"

"డీజిల్ పోసిన. ఆపితే డీజిల్ దండుగ" అన్నడు ఆయన, తల గూడ ఎత్తకుండ.

మగోళ్లు వచ్చి నిలవడ్డరు. రెండు తిప్పుళ్లు అయినంక ఛోటే సేఠ్ వచ్చిండు. "ఎవరిని అడిగి నడిపిస్తున్నవు?"

"నిన్న టికెట్లు అమ్మింది మీరే సేఠ్. ఇంక అడిగేది ఏమున్నది?"

ఆయన ఏదో అనబోయిండు. నేను ఆపి చెప్పిన. "రెండు ముచ్చట్లు. గంట పొద్దు గూకినంకనే కొట్టాలె. కొట్టేటప్పటికి లైన్ల ఉన్నోళ్లందరు ఎక్కి దిగినంకనే స్పెషల్ గేటు తెరువాలె. కాదంటే పర్దా యాళకు ఇంకొక మనిషిని చూసుకోండ్రి."

"బెదిరిస్తున్నవా?"

"లేదు. పని ఎట్లయితదో చెప్తున్న. నిన్న టాంగాలు మర్రిపోలేదు గదా. పోయేటప్పుడు ఖాలా వచ్చే వారం మల్ల వస్తమన్నది. లైన్ల ఆడోళ్లుంటే ఉంచుమన్నది. వాళ్లకు లేని ఇబ్బంది మనకెందుకు?"

ఆయన జేబుల చేతులు పెట్టుకొని లైను దిక్కు చూసిండు. అంత దగ్గెరికి వచ్చి లైనును చూసుడు అదే మొదటిసారి అనుకుంట. కడకు, "ఈ సీజన్‌కు నువ్వు చెప్పినట్టే కానీయ్" అన్నడు. ఆ సీజన్ పోయి ఎన్నో సీజన్లు వచ్చినయి. కంపెనీ అమ్ముడుపోయేదాంక బోధన్‌ల గంట నా చేతిలనే ఉన్నది.

మేం మాట్లాడుతుండంగనే సాయిలు వంతు వచ్చింది. డబ్బా దాంక వచ్చి ఆగిండు. పైకి చూసిండు, చెమటలు వట్టినయి. "మా ఆమె ఎక్కింది గదా, చాలు" అన్నడు. ఎనుకోళ్లు నవ్విన్రు. రోషానికి ఎక్కి, కండ్లు గట్టిగ మూసుకొని కూసున్నడు. నేను గొళ్లెం పెట్టిన.

దిగేటప్పటికి మనిషి మారిపోయిండు. మొఖం ఎలిగిపోతున్నది. ఏం మాట్లాడకుండ పోయి మల్ల లైన్ల చివరికి నిలవడ్డడు. కావలి మనిషి టికెట్టు అడిగితే ఖాళీ చేతులు చూపిచ్చిండు. కావలి మనిషి ఛోటే సేఠ్ దిక్కు చూసిండు.

"ఎక్కనీ" అన్నడు ఛోటే సేఠ్.

ఈసారి సాయిలు కండ్లు తెరుచుకొనే పోయిండు. డబ్బా సరిగ్గ పైకి పోయినప్పుడే ఫ్యాక్టరీ తొవ్వ నుంచి గంగవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని ఉరికొచ్చింది.

"దిగు! జల్దీ దిగు! మన బండి వంతు వచ్చింది! ఫ్యాక్టరోళ్లు పిలుస్తున్నరు!"

పైనుంచి సాయిలు రెండు చేతులు నోటి కాడ పెట్టుకొని, మైదానమంత వినేటట్టు ఒర్రిండు.

"ఫ్యాక్టరోళ్లను జర ఆగుమను!"